ముఅల్లిం ఇద్రీస్ తార్లకు తోలు బిగించాను

ముందే చెప్పుకుంటున్నాను, నాకు రాయడం రాదు. నాలుగో తరగతి సగంలో బడి మానేశాను. ఒత్తులు ఎక్కడ పెట్టాలో, దీర్ఘాలు ఎక్కడ తీయాలో ఇప్పటికీ తడబాటే. సౌదీలో ఉన్నన్నాళ్ళూ కాగితాల మీద సంతకం పెట్టడానికి తప్ప పెన్ను పట్టలేదు. తప్పులు కనిపిస్తే నవ్వుకోండి, కానీ చదవడం మాత్రం ఆపకండి.

ఎందుకు రాస్తున్నానంటే, మా మండలం నుంచి ఇప్పటికీ కొందరు తాయిఫ్‌లో నేను పనిచేసిన టెంట్ల గోడౌన్‌కే పోతున్నారు. పోయేముందు మా ఇంటికి వస్తారు. "కాకా, రూముల ఏసీ ఉంటదా? ఓటీ ఇస్తడా?" అని అడుగుతారు. అవన్నీ ఏజెంటు చెబుతాడు, నిజమో అబద్ధమో. పని ఎట్లుంటుందని మాత్రం ఒక్కరూ అడగరు. పని అంటే నాకు ముఅల్లిం ఇద్రీస్ గుర్తొస్తాడు. ముఅల్లిం అంటే అరబ్బీలో గురువు. మేస్త్రీని కూడా అలాగే పిలుస్తారు. ఆయన నాకు రెండూ. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ పెద్ద వాయిద్యకారుడు, ఎందరికో నేర్పినవాడు. ఆయన చెవి పోవడంతో నా నౌకరీ కూడా పోబోయిన రోజు ఒకటి వచ్చింది. ఆ సంగతి చెప్పాలనే ఇదంతా.

టెంట్లు మోయబోయి

మాది డప్పు కొట్టే ఇల్లు. ఊర్లో పెళ్ళయినా, జాతరయినా, చావయినా మా నాయనకు కబురొచ్చేది. రమ్మని అడిగేవారు కాదు, అరిచి పిలిచేవారు. కంచం ముందు కూర్చున్నా లేచి పోవాల్సిందే. నేను డప్పు కొట్టే చిర్ర, చిటికెన పుల్ల పట్టడం నేర్చుకున్నది నాయన పక్కనే. తోలు నానబెట్టడం, వెంట్రుక గీకడం, చట్రానికి బిగించడం కూడా అక్కడే.

నేను పోయే ముందు నాయన ఒక మాట అన్నాడు. "సౌది పోతె పో బిడ్డా. రాళ్ళు మొయ్యి, మట్టి మొయ్యి. గీ డప్పు మాత్రం మొయ్యకు."

సరేనన్నాను. డప్పును వదిలించుకుందామని సముద్రం దాటితే, దాటిన చోట కూడా తోలే ఎదురైంది.

మా కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, పేరు అబూ ఫహద్. పెళ్ళిళ్ళకు, ఈద్‌లకు టెంట్లు వేయడం, తివాచీలు పరచడం, గావా అనే అరబ్బీ కాఫీకి గిన్నెలు, దీపాలు కిరాయికి ఇవ్వడం ఆయన వ్యాపారం. దాంతోపాటు వాయిద్యాల వాళ్ళను కూడా కుదిర్చేవాడు. వాళ్ళ తార్లు మా గోడౌన్‌లోనే ఉండేవి. తార్ అంటే మన డప్పుకు అన్న అనుకోండి. గుండ్రటి కొయ్య చట్రం, ఒక పక్కనే తోలు. పుల్లలతో కాదు, చేతులతో కొడతారు. మూకుమ్మడిగా నిలబడి పాడుతూ కొడితే గుండెల మీద కొట్టినట్టే ఉంటుంది.

నేను పోయిన కొత్తలో ఒకరోజు పొద్దున హదా కొండ ఘాటు మీద నుంచి మబ్బు దిగి గోడౌన్ వాకిట్లో కూర్చుంది. అంత చెమ్మలో తోలు మెత్తబడిపోతుంది. ఒకాయన బొగ్గుల కుంపటి మీద తార్ కాపుతున్నాడు. మన దగ్గర గడ్డి మంట మీద డప్పు కాపినట్టే. అయితే ఒకే చోట పెట్టి, నిప్పుకు దగ్గరగా పట్టుకున్నాడు. నేను భుజం మీద టెంటు గుంజలు పెట్టుకుని పోతున్నాను. మనకెందుకులే అని రెండడుగులు వేశాను. తోలు మాడే వాసన వచ్చింది. ఇక ఆగలేకపోయాను. గుంజలు కింద పడేసి, తార్ లాక్కుని, తిప్పుతూ కాపాను. కాపి, చూపుడు వేలితో ఒక్క దెబ్బ కొట్టి చూశాను.

వెనక నుంచి ఎవరో, "మళ్ళీ కొట్టు," అన్నారు.

చూస్తే పొడుగాటి నల్లటి మనిషి. తెల్లటి గడ్డం, తోబ్ అనే పొడుగు చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి ఉన్నాయి. ఆయనే ఇద్రీస్. ఆయన మాట్లాడింది అరబ్బీ, మధ్యమధ్య హాజీల దగ్గర నేర్చుకున్న ఉర్దూ. నాకు ఎట్లా అర్థమైందో అట్లా మా మాటలోనే రాస్తున్నాను.

"మీ నాయన ఏం పని చేస్తడు?"

"కూలి," అన్నాను.

"కూలి చేసేటాయన కొడుకు తోలుకు వేలుతోని సలాం చెప్పడు. సక్కగ చెప్పు."

మా డ్రైవర్ జహంగీర్ భాయ్ పక్కనే ఉన్నాడు. హైదరాబాద్ మనిషి, నోరు ఆగదు. "చెప్పేయ్ రాజం భాయ్. ఈయన దగ్గర దాచలేవు. ఈయనకు వీపులో కూడా చెవులు ఉంటయ్," అన్నాడు.

డప్పు అని చెప్పాను. ఆయనకు తెలియలేదు. అక్కడున్న చెక్కపెట్టె మీద జాతర దెబ్బ కొట్టి చూపించాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. విని, అబూ ఫహద్ దగ్గరికి పోయి ఏదో చెప్పి వచ్చాడు.

"రేపటి సంది నువ్వు గుంజలు మొయ్యవు. నా తార్లు చూసుకుంటవు."

నాయనకు ఇచ్చిన మాట అట్లా పోయింది. ఫోన్లో చెబితే నాయన ఒకటే అడిగాడు, "ఆడ నిన్ను అరిచి పిలుస్తరా, పేరు పెట్టి పిలుస్తరా?" పేరు పెట్టే పిలుస్తారన్నాను. "అట్లయితె చెయ్యి," అన్నాడు.

గోడ వైపు కూర్చునే గురువు

ఇద్రీస్ తాత ఆఫ్రికా నుంచి మక్కాకు నడిచి వచ్చాడట. దారిలో కూలి చేసుకుంటూ, ఆగుతూ, మళ్ళీ నడుస్తూ ఏళ్ళు పట్టిందట. హజ్ అయ్యాక తిరిగి నడిచే ఓపిక లేక ఇక్కడే ఉండిపోయాడు. ఒకసారి ఎవరో ఫోన్లో ఒక వీడియో చూపించారు. అమెరికా పక్కన సముద్రంలో దీవులున్నాయట, అక్కడి నల్లవాళ్ళు డోళ్ళు కొడుతున్నారు. ఇద్రీస్ ఫోన్ చెవికి ఆనించుకుని విన్నాడు. బొమ్మ చూడనే లేదు.

"వీళ్ళు మా వాళ్ళే," అన్నాడు. "మా తాత నడుసుకుంట ఇటొచ్చిండు. వీళ్ళ తాతలను గొలుసులేసి పడవలల్ల అటు తీస్కపోయిండ్రు. నోట్లెకెల్లి మాటలు గుంజుకున్నరు గని చేతులల్లకెల్లి దెబ్బ గుంజుకోలేకపోయిండ్రు."

పగలు ఆయనకు టైర్ల దుకాణం. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక మా గోడౌన్ వాకిట్లో నేర్పేవాడు. నేర్చుకునేవాళ్ళు అన్ని రకాల వాళ్ళు, టాక్సీ నడిపేవాళ్ళు, బలదియా అనే మున్సిపాలిటీలో పనిచేసేవాళ్ళు, తోటల వాళ్ళు. వాళ్ళలో బిలాల్ అనే ఆయన అందరికంటే పాతవాడు. పెళ్ళయి పిల్లలున్న మనిషి. అయినా ముఅల్లిం ముందు చేతులు కట్టుకునే నిలబడేవాడు.

ఇద్రీస్ నేర్పే తీరు చూసి మొదట్లో నాకు అర్థం కాలేదు. ఆయన శిష్యుల వైపు చూసేవాడు కాదు. వీపు వాళ్ళకు పెట్టి, గోడ వైపు తిరిగి కూర్చునేవాడు. అంతమంది కొడుతుంటే, గోడకే చెబుతున్నట్టు, "బిలాల్, నీ బొటనవేలు సోమరిది. నీ పక్కనోడు, పొద్దున తిన్నవా లేదా? ఆ చివరోడు, తార్‌ను కొట్టు, దాని మీద పగ తీర్చుకోకు," అనేవాడు.

ఎందుకు అట్లా కూర్చుంటావని అడిగితే, "మొఖం చూస్తె జాలి పుడుతది. దెబ్బకు మొఖం ఉండదు," అన్నాడు.

నాకు తెలిసిన గురువులు కర్రతో నేర్పినవాళ్ళే. ఈయన తిట్టేవాడు కానీ, తిట్టినవాడికి చివర్లో ఖర్జూరాలు తన చేత్తో ఇచ్చేవాడు. ఎవరికి ఎక్కువ ఖర్జూరాలు వస్తే వాడు ఆరోజు ఎక్కువ తిట్లు తిన్నట్టు. బిలాల్ నవ్వుతూ, "నాకు షుగర్ వచ్చింది ముఅల్లిం వల్లనే," అనేవాడు.

తోలు పని గురించి

ఈ పనికి పోయేవాళ్ళు ఇది జాగ్రత్తగా చదవండి. మేక తోలు మంచిది. ముసలి మేకది వద్దు. కత్తి గాటు పడిన తోలు చూడ్డానికి బాగున్నా తీసుకోవద్దు, ఆ గాటు దగ్గరే ఎప్పుడో ఒకప్పుడు పోతుంది. గీకేటప్పుడు తొందరపడితే పలచన అవుతుంది. పలచన అయిన తోలును ఏ దేవుడూ మందం చేయలేడు.

అన్నిటికంటే పెద్ద పాఠం అల్ ఖర్జ్ దారిలో నేర్చుకున్నాను. అక్కడ ఒక పెద్దాయన ఇంట్లో పెళ్ళి. రియాద్ దాటి పోవాలి. తాయిఫ్‌లో ముసురు పట్టిన రోజులు. తోలు ఎంత లాగినా సాగుతోంది. నేను మన ఊరి లెక్కనే, గట్టిగా లాగి లాగి బిగించాను. డైనా అనే చిన్న లారీలో వేసుకుని బయలుదేరాం. ఎడారిలో పడ్డాక వడగాలి మొదలైంది. ఒక్కసారి వెనక నుంచి టప్పుమని శబ్దం. జహంగీర్ భాయ్ టైరు పేలిందని బండి ఆపాడు. దిగి అన్ని టైర్లూ తన్ని చూశాడు. అన్నీ బాగానే ఉన్నాయి. ఇంతలో మళ్ళీ టప్పుమంది. తార్లు! తడి ఆరిపోయి, తోలు ముడుచుకుపోయి, ఒకదాని తర్వాత ఒకటి పగులుతున్నాయి.

జహంగీర్ భాయ్ తల పట్టుకుని, "అరె యార్, తార్లు వాయించేవాళ్ళు లేకుండానే వాయించుకుంటున్నయ్!" అన్నాడు.

మిగిలిన వాటి మీద తాగే నీళ్ళలో ముంచిన గుడ్డలు కప్పి ఎట్లాగో పెళ్ళి గట్టెక్కించాం. తిరిగొచ్చాక ఇద్రీస్ ఏమంటాడోనని భయపడ్డాను. ఆయన పగిలిన తోలు మీద చెయ్యి పెట్టి చూసి, "తోలుకు కూడ ఊరు ఉంటది రాజం. ఏ ఊరికి పోతదో అడిగి బిగించాలె," అన్నాడు. అంతే. అప్పటి నుంచి ఎడారి దిక్కు పోయేవాటికి కొంచెం వదులు పెట్టేవాణ్ని. అభా లాంటి మబ్బు పట్టే కొండ ఊళ్ళకు పోయేవాటికి గట్టిగా లాగేవాణ్ని. మీరు కూడా అట్లాగే చేయండి.

ఇంకా కాపు

అబూ ఫహద్ మంచివాడా చెడ్డవాడా అని నన్ను అడుగుతారు. జీతం ఆపలేదు, చెయ్యి చేసుకోలేదు, కానీ చిరిగిన వస్తువును చూసినా, దాన్ని పట్టుకున్న మనిషిని చూసినా ఆయనకు ఒకటే మాట, "ఖర్బాన్." అంటే చెడిపోయింది, పారేయమని. ఇట్లాంటి యజమాని దగ్గర మన వస్తువు చెడకుండా చూసుకోవాలి, లేకపోతే మనమే చెడిపోయినట్టు.

చాలా ఏళ్ళు మా పని బాగా సాగింది. తర్వాత తార్లు పగలడం మొదలైంది. వడగాలికి కాదు, దారిలో కాదు. మా వాకిట్లోనే, కుంపటి మీదనే.

నేను కాపి ఇచ్చేవాణ్ని. ఇద్రీస్ ఒక దెబ్బ కొట్టి, "ఇంకా కాపు," అనేవాడు. మళ్ళీ కాపేవాణ్ని. "గొంతు రాలే. ఇంకా కాపు." నా చెవికి అది గుడిగంటలా మోగుతోంది. ఆయనకు ఇంకా కావాలి. మొదట్లో అనుకున్నాను, పెద్ద విద్వాంసుడు, మనకు వినపడనిదేదో ఆయనకు వినపడుతోందని. కాపేవాణ్ని, పగిలేది. కొత్త తోలు వేసేవాణ్ని, అదీ పగిలేది.

అబూ ఫహద్ పగిలిన తార్లన్నీ గోడకు ఆనించి పెట్టించాడు. "నీ తోలు ఖర్బాన్, నీ చెయ్యి ఖర్బాన్. ఈద్ కాగానే అన్నీ ప్లాస్టిక్ తార్లే. ప్లాస్టిక్‌కు కాపేవాడు అక్కర్లేదు. నువ్వు ఎగ్జిట్ మీద ఇంటికి పోవడానికి తయారుగా ఉండు," అన్నాడు.

ఆ సాయంత్రం నేర్పేటప్పుడు నేను ముఅల్లింనే చూస్తూ కూర్చున్నాను. అప్పుడు తట్టింది. ఆయన గోడ వైపు కూర్చోవడం మానేశాడు. ఎప్పటి నుంచి మానేశాడో నాకే తెలియదు. శిష్యులకు ఎదురుగా కూర్చుని వాళ్ళ చేతులనే చూస్తున్నాడు. కళ్ళతో వింటున్నాడు.

జహంగీర్ భాయ్‌కి చెప్పాను.

"అయితే ఇంకేంది? చుప్‌చాప్ పోయి కఫీల్‌కు చెప్పేయ్. తప్పు తోలుది కాదు, ముసలాయన చెవిదని."

"చెప్తె ఆయనను తీసేస్తడు భాయ్. చెవుడు ఉన్నోని దగ్గర ఎవరు నేర్చుకుంటరు? ఆయన బతుకే అది."

"మరి నీ బతుకో? ఇంటికి పోయి ఏం చేస్తవ్? మీ నాయన లెక్క డప్పు కొడ్తవా?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. అన్నందుకు ఆయన కూడా నొచ్చుకున్నాడు. కాసేపటికి, "నీ ఇష్టం. కానీ ఒక్కటి విను, ఆయన చెవి పోయింది, నీ బుర్ర కూడా పోనీయకు," అన్నాడు.

ఇలాంటి చోట ఏం చేయాలో ఏ మేస్త్రీ నేర్పడు. కఫీల్‌కు చెప్పను, అట్లాగని తోలు పగలనివ్వను అనుకున్నాను. ముఅల్లిం ఎంత కాపమన్నా, సరిగ్గా కాగిన చోట ఆపేస్తాను. ఆయన తిడితే తిట్టనీ.

ఈద్ ముందటి అసర్

ఈద్‌కు ముందు అందరూ వాకిట్లో చేరారు. అబూ ఫహద్ కూడా వచ్చి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆయన పక్కన ప్లాస్టిక్ తార్ల అట్టపెట్టె, ఇంకా విప్పలేదు. నేను ముఅల్లిం తార్ కాపి ఇచ్చాను. మంచి తోలు, నేను ఎంతో జాగ్రత్తగా గీకి వేసింది.

ఆయన కొట్టి చూసి, "ఇంకా కాపు," అన్నాడు.

"అయ్యింది ముఅల్లిం."

"ఇంకా కాపు అంటున్న."

"సాలు. కాగింది."

నేను అట్లా ఎదురు చెప్పడం ఎవరూ చూడలేదు. ఇద్రీస్ కళ్ళు ఎర్రబడ్డాయి. "నాకు సెప్తవా? నా తార్‌కు గొంతు ఎప్పుడొస్తదో నాకు నువ్వు సెప్తవా?" అని, నా చేతిలోది లాక్కుని తనే కుంపటి ముందు కూర్చున్నాడు. తిప్పుతున్నాడు, కొడుతున్నాడు. మళ్ళీ తిప్పుతున్నాడు. ఒక్కో దెబ్బకు శబ్దం సన్నబడుతోంది, సూదిలాగా. నేను "ముఅల్లిం, ఆపు," అన్నాను. ఆయన వెనక ఉన్నాను కాబట్టి వినపడలేదు. మళ్ళీ అరిచాను. వినపడలేదు.

తోలు ఈ అంచు నుంచి ఆ అంచుకు చీలిపోయింది.

అబూ ఫహద్ కుర్చీలోంచి లేచి నా మీదికి వచ్చాడు. "చూశావా? ఖర్బాన్! ముఅల్లిం చేతిలోనే పగిలింది. ఇంకేం చెప్తావు? ఖలాస్, నీకు ఎగ్జిట్ కొట్టిస్తా!"

నేను తల వంచుకుని నిలబడ్డాను. నోరు తెరిస్తే బతుకుతాను. తెరవలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు, గొంతు రాలేదు నిజంగా.

ఇద్రీస్ చీలిన తార్‌ను చూస్తూ కూర్చున్నాడు. తర్వాత తల ఎత్తి అబూ ఫహద్ పెదవులు చూశాడు, నా ముఖం చూశాడు. మెల్లగా లేచాడు.

"అబూ ఫహద్, వాని మీద అరవకు. తోలు మంచిదే. ఖర్బాన్ అయ్యింది నా చెవి."

చీలిన తార్‌ను కుంపటి పక్కన పెట్టి మళ్ళీ అన్నాడు.

"ఆస్పత్రికి పోయిన. మిషిన్ ఇచ్చిండ్రు. పెట్టుకుంటె తార్ రేకుడబ్బా లెక్క ఇనబడ్తది. తీసి అలమార్ల పడేసిన. ఎవ్వరికి తెల్వదనుకున్న."

బిలాల్ ముందుకొచ్చి, ముఅల్లింకు కనపడేట్టు నిలబడి అన్నాడు, "మాకు తెలుసు ముఅల్లిం. నిరుటి నుంచి తెలుసు. మీరు చూస్తున్నారని చేతులు కొంచెం పైకెత్తి కొడుతున్నాం."

ఇద్రీస్ అందరినీ ఒకసారి కలియజూశాడు. అప్పుడు నవ్వొచ్చింది ఆయనకు, కళ్ళ నీళ్ళతోనే. "అయితె ఈ ముచ్చట ఇననోణ్ని నేనొక్కణ్నే అన్నట్టు!"

అందరం నవ్వాం. అబూ ఫహద్ కూడా. ఆ నవ్వుతోనే నా ఎగ్జిట్ సంగతి పక్కకు పోయింది. జట్టుకు ముందు నిలబడే తన జాగాను ఇద్రీస్ బిలాల్‌కు ఇచ్చేశాడు. ఈద్ నాడు ఆయన జనంలో, కుర్చీలో కూర్చున్నాడు. నేను దూరం నుంచి చూశాను. చేతులు తొడల కింద పెట్టి, వాటి మీద కూర్చున్నాడు. ఎంతో మందిని చూశాను కానీ, తన సొంత చేతుల మీద అంత బరువు వేసుకుని కూర్చున్న మనిషిని మళ్ళీ చూడలేదు.

నా దగ్గర కొత్త కూలి

పండగ అయ్యాక ఒక పొద్దున నేను తోలు గీకుతున్నాను. ఇద్రీస్ వచ్చి పక్కన పీట వేసుకున్నాడు.

"పని ఇస్తవా?"

"గదేం మాట ముఅల్లిం?"

"గీకనీకె చెవి అక్కరలేదు కద. సూపియ్యి."

చూపించాను. అంతటి మనిషికి గీకడం రాలేదు. వేళ్ళు కోసుకున్నాడు, తోలుకు చిల్లి పెట్టాడు, వాసనకు ముక్కు మూసుకున్నాడు. "ఇన్నేండ్లు ఈ కంపుల కూసొని నాకు అత్తరు లెక్క తార్లు ఇచ్చినవా?" అన్నాడు. నేను, "ముఅల్లిం, నీ బొటనవేలు సోమరిది," అన్నాను. పెదవులు చదివి, చేతిలో ఉన్న తడి తోలు నా మీదికి విసిరాడు.

ఆయన అక్కడ కూర్చుంటే శిష్యులు కూడా అక్కడికే వచ్చేవాళ్ళు. చట్రం అంచు మీద అరచెయ్యి పెట్టి, వాళ్ళు కొడితే ఆ అదురు పట్టుకుని తప్పు చెప్పేవాడు. మునుపటంత నేర్పలేదు. అట్లా చెబితే అబద్ధం. సన్నటి తప్పులు ఆయనకు అందేవి కావు, అవి బిలాల్ చూసుకునేవాడు. కానీ ఎవరూ రావడం మానలేదు. అబూ ఫహద్ ప్లాస్టిక్ తార్లను కిరాయి పార్టీలకు వాడుకున్నాడు. మా వాళ్ళకు తోలువే ఉండనిచ్చాడు. యజమానులు ఓడిపోయామని ఒప్పుకోరు, సగం దగ్గర ఆగుతారు. అదీ నేర్చుకోవాల్సిందే.

అట్లా కూర్చున్న రోజుల్లోనే ఆయన నా డప్పు గురించి అడగడం మొదలుపెట్టాడు. నేను చట్రం చేసి, తోలు వేసి, చిర్ర, చిటికెన పుల్ల చెక్కి, ఆయన కోసమే ఒక డప్పు తయారు చేశాను. ఆయన అంచు మీద చెయ్యి పెట్టేవాడు, నేను కొట్టేవాణ్ని. పెళ్ళి దెబ్బ, జాతర దెబ్బ, ఊర్లో చాటింపు వేసే దెబ్బ, అన్నీ. తెలిసినంత కొట్టాను.

"ఇంకొకటి ఉన్నదన్నవు. మనిషి పోతె కొట్టేది."

"అది వద్దు ముఅల్లిం."

"ఎందుకు?"

"బతికున్న మనిషి ముందట ఊకెనే కొట్టరు. కీడు."

ఆయన గడ్డం నిమురుకున్నాడు. "మా దగ్గర పోయిన మనిషి ముందట అసలే కొట్టరు. నమాజు చేస్తరు, మట్టి ఇస్తరు, అంతే. మీ దగ్గర ఉన్నప్పుడు కొట్టరు, మా దగ్గర పోయినంక కొట్టరు. మరి నేను ఇంకెప్పుడు ఇనాలె రాజం?"

మా నాయన ఆ దెబ్బ ఎంతో మంది వెనక కొట్టాడు. ఎవరూ ఆయన్ని అది బాగుందని అనలేదు, ఇంకోసారి కొట్టమనలేదు. జీవితంలో మొదటిసారి ఒక మనిషి దాన్ని వినడానికే అడుగుతున్నాడు, అదీ వినలేని మనిషి.

డప్పు కాపాను. ఆయన రెండు చేతులూ అంచు మీద పెట్టి కళ్ళు మూసుకున్నాడు. నేను కొట్టాను. మెల్లగా మొదలై, పాడెతోపాటు ఇంటి నుంచి లేచి, దారిలో దిగి, మళ్ళీ లేచి పోయే దెబ్బ అది. ఎక్కడా తగ్గించలేదు, చివరి దాకా కొట్టాను. గోడౌన్‌లో జహంగీర్ భాయ్ బండి కడుగుతున్నవాడు పైపు కట్టేసి నిలబడ్డాడు.

అయిపోయాక ఇద్రీస్ చాలాసేపు చేతులు తీయలేదు. "మంచిగున్నది," అన్నాడు. "మనిషిని ఒక్కన్ని చేసి పంపియ్యదు. ఎవడో ఎంబడి నడుస్తున్నట్టున్నది."

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆయన నిద్రలోనే పోయాడు. మంచి చావు అన్నారు అందరూ. మసీదులో నమాజు అయ్యాక శ్మశానానికి తీసుకుపోయారు. నేను లోపలికి పోలేదు, నా మతం వేరు కదా. గోడ బయట జహంగీర్ భాయ్ డైనా పక్కన నిలబడ్డాను. ఆయన లోపల మట్టి వేసి వచ్చాడు. నా చేతుల వైపు చూసి, "ఏంది రాజం భాయ్, ఏమైనా కొట్టాలని ఉందా?" అన్నాడు.

లేదన్నాను. నిజంగానే లేదు. గోడ లోపల చడీచప్పుడు లేదు. నాకు అది లోటుగా అనిపించలేదు. ఆయన వెనక నడవాల్సిన దూరం నేను ముందే నడిచాను.

నేను ఎగ్జిట్ మీద ఇంటికొచ్చి కొన్నేళ్ళయింది. ఈ పనికి పోయే తమ్ముళ్ళూ, తోలు వాసనకు సిగ్గుపడకండి. వినేవాడు దొరికితే, పనిలో ఉన్నప్పుడే వినిపించండి. ఇక నా రాత సంగతి. తోలు వంకరగా పడితే తడిపి, విప్పి, మళ్ళీ బిగించడం నాకు తెలుసు. మాట వంకరగా పడితే ఏం చేయాలో తెలియదు, పడ్డది పడ్డట్టే వదిలేశాను. పెద్ద మనసుతో మన్నించండి.